కేటీ దొరగారి మొగుడు

గొప్పవాళ్ల జీవితచరిత్రల్లో ఒక విచిత్రం గమనించారా? ఆ పుస్తకాల్లో వాళ్లకెప్పుడూ జలుబు చెయ్యదు. పులుసులో ఉప్పు తక్కువైందని విసుక్కోరు. పక్కింటివాళ్లతో తగువు పెట్టుకోరు. పెళ్లాం మీద కేకలెయ్యరు. ఆ పుస్తకం రాసినాయన అలాంటివన్నీ చేటలో పోసి చెరిగి, తవుడూ పొట్టూ వూదేసి, మల్లెపూవులాంటి బియ్యం మనకి అందిస్తాడు. మనమూ కళ్లకద్దుకుని తీసుకుంటాం. అసలు బలమంతా ఆ పోయిన తవుట్లోనే వుందని డాక్టర్లు చెప్పేదాకా మనకి తెలియదుగా!

అలా చెరిగి శుభ్రం చెయ్యడానికి వీల్లేకుండా పోయిన పెద్దమనిషి ఒకాయన వున్నాడు. మార్టిన్ లూథర్. చెరగడానికి ఎందుకు వీల్లేకపోయిందంటే, ఆయన ఇంట్లో బోలెడుమంది విద్యార్థులు డబ్బిచ్చి భోజనం చేసేవారు. వాళ్లు వూరికే తిని పోయే బాపతు కాదు. ఆయన ఏం మాట్లాడినా కాగితం మీద ఎక్కించేసేవారు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకి, 1566లో, అదంతా ఒక పెద్ద గ్రంథంగా అచ్చయింది. మీరే చెప్పండి, మన ఇళ్లల్లో మొగవాళ్లు భోజనాల దగ్గర మాట్లాడేదంతా ఎవరైనా రాసిపెట్టి అచ్చేస్తే ఎంతమంది పరువు దక్కుతుంది? వాళ్లదాకా ఎందుకు, మన పరువు మాత్రం దక్కుతుందా?

ఈ మాట మా పక్కింటావిడతో అంటే, “ఆయన్ని ఎవరో కాల్చి చంపారు కదండీ?” అంది. కాదు, ఆయన మార్టిన్ లూథర్ కింగ్, అమెరికాలో నల్లవాళ్ల హక్కులకోసం పోరాడి 1968లో హతుడైన మహానుభావుడు. ఆయన తండ్రిగారు 1934లో జర్మనీ వెళ్లొచ్చి, ఈ పాత లూథర్ మీద గౌరవం కొద్దీ తన పేరూ కొడుకు పేరూ మార్చుకున్నారు. నేను చెప్పేది ఆ పాతాయన సంగతి. 1483లో జర్మనీలో ఐస్లెబెన్ అనే వూళ్లో పుట్టి, 1546లో అదే వూళ్లో కన్నుమూసిన ఆయన సంగతి.

ఆయన తండ్రి రాగి గనుల వ్యాపారం చేసేవాడు. కొడుకు లా చదివి నాలుగు డబ్బులు సంపాదిస్తాడని ఆశపడ్డాడు. మన తండ్రులకేం తీసిపోడన్నమాట. 1505లో కుర్రవాడు దారిన వస్తుంటే పిడుగు పడింది. ప్రాణభయంతో ‘నన్ను రక్షిస్తే సన్యాసం పుచ్చుకుంటా’నని మొక్కేసుకున్నాడు. మొక్కితే చెల్లించాలిగా! తండ్రి లబలబలాడినా వినకుండా మఠంలో చేరాడు. తరవాత విటెన్‌బర్గ్‌లో ఆచార్యుడయ్యాడు. ఆ రోజుల్లో రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి డబ్బు కావలసి, పాపాలకి పడే శిక్ష తగ్గిస్తామంటూ పత్రాలు అమ్మేవారు. డబ్బు పడేస్తే చచ్చిపోయిన మీ నాన్నకి కూడా బాధ తప్పుతుందని వూరూరా తిరిగి చెప్పేవారు. 1517 అక్టోబరు 31న లూథర్ దీనికి వ్యతిరేకంగా తొంభైఅయిదు వాదాలు రాశాడు. వాటిని చర్చి తలుపుకి మేకులతో కొట్టాడంటారు. కొట్టాడో లేదో చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే వున్నారు. పోపుగారు బెదిరిస్తూ ఆజ్ఞాపత్రం పంపితే, 1520 డిసెంబరులో దాన్ని నలుగురూ చూస్తుండగా మంటలో పారేశాడు. మర్నాటి ఏడు వోర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట నిలబెట్టి, రాసినవి తప్పని ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. తరవాత ఒక కోటలో దాక్కుని, పదకొండు వారాల్లో కొత్త నిబంధననంతా జనం మాట్లాడుకునే జర్మన్ భాషలోకి దించాడు. పండితుల పెట్టెలో వున్న పుస్తకాన్ని వంటింట్లో ఆడదాని చేతికి తెచ్చిపెట్టిన మనిషి. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో వున్నదే. నా బి.ఏ. పరీక్షలో నేనూ ఇంతే రాశాను, పాసయ్యాను కూడా.

ఇక తవుడు సంగతికి వద్దాం.

సన్యాసినులు మఠాల్లో మగ్గక్కర్లేదు, పెళ్లి కూడా పవిత్రమైనదే అని ఆయన రాసిన రాతలు నింబ్‌షెన్ అనే వూరి మఠం గోడలు దాటి లోపలికి పోయాయి. పసితనంలోనే తండ్రి మఠానికి పంపించేసిన కాతరీనా ఫాన్ బోరా అక్కడ వుంది. ఆమె, ఇంకా పదకొండుమంది కలిసి పారిపోదామనుకున్నారు. పట్టుబడితే సామాన్యమైన శిక్ష కాదు. 1523లో ఈస్టరు పండగ రాత్రి, మఠానికి చేపలు తోలే వర్తకుడొకాయన తన బండిలో వాళ్లని దాటించేశాడు. చేపల పీపాల్లో కూర్చోబెట్టాడని కొందరూ, పీపాల మధ్య కూర్చోబెట్టాడని కొందరూ అంటారు. ఎలా అయితేనేం, స్వాతంత్ర్యానికి చేపల వాసన వేసిందన్నమాట.

ఆ వచ్చిన అమ్మాయిలకి ఒక్కొక్కరికీ సంబంధం చూసే పని లూథర్ నెత్తిన పడింది. మిగతావాళ్లకి ఏదో ఒక దారి దొరికింది గాని కాతరీనాకి సంబంధం కుదరలేదు. ఆమె మనసుపడ్డ అబ్బాయిని అతనివాళ్లు పడనివ్వలేదు. లూథర్ ఒక ముసలి పాస్టరు సంబంధం తెచ్చాడు. చేతిలో కానీ లేని పిల్ల, నోరు మూసుకుని తలవంచుతుందనుకున్నారు కాబోలు. ఆయన్ని చచ్చినా చేసుకోనంది. “మీ స్నేహితుడు ఆమ్స్‌డార్ఫ్‌ని గాని, మిమ్మల్ని గాని అయితే చేసుకుంటా”నని కబురు చేసింది! అయిదువందల ఏళ్ల కిందట, పుట్టింటి అండలేని ఆడపిల్ల! 1525 జూన్ 13న పెళ్లయింది. ఆయనకి నలభైఒకటి, ఆమెకి ఇరవైఆరు.

ఆ ఇల్లు ఎలా వుండేదో వింటే మీకు మీ అత్తగారిల్లు నయమనిపిస్తుంది. ప్రభువు వాళ్లకి పాత మఠం భవనం ఇచ్చాడు. అందులో కన్నపిల్లలు ఆరుగురు, చనిపోయిన తోబుట్టువుల పిల్లలు, డబ్బిచ్చి తినే విద్యార్థులు, వూరికే తినిపోయే చుట్టాలు, తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు. ఆయన పుస్తకాలకి పైసా పుచ్చుకోడు. ఎవరైనా చెయ్యి చాస్తే ఇంట్లో వెండిగిన్నె అయినా ఇచ్చేసే రకం. మరి ఇల్లు గడిచిందెలా? కాతరీనా తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. బీరు కాచేది, పందుల్నీ ఆవుల్నీ పెంచేది, చేపల చెరువు చూసేది, తోట వేసేది, ఆఖరికి 1540లో పొలం కూడా కొంది. ఆయన ఆమెని ‘కేటీ దొరగారు’ అని పిలిచేవాడు. అది వేళాకోళమో గౌరవమో తేల్చుకోవడం కష్టం. రెండూ అయివుంటాయి. భోజనాల దగ్గర ఆయన మాటలు రాసుకునే కుర్రాళ్ల దగ్గర దానికీ రుసుము పుచ్చుకుందామని ఆవిడ అందని కూడా చెబుతారు. ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా ఆ ఆలోచన రాక మానదు.

ఇక్కడే నాకు తమాషా అనిపించేది. ఇలాంటి ఆడది కళ్లెదుట తిరుగుతుండగా ఆ మహానుభావుడు భోజనాల బల్ల దగ్గర ఏమన్నాడయ్యా అంటే, మొగవాళ్లకి భుజాలు వెడల్పు గనక వాళ్లకి తెలివి వుంటుందట, ఆడవాళ్లకి తుంటి వెడల్పు గనక ఇంట్లో కూర్చోవడానికే పుట్టారట! ఈ మాటలు వింటూ తింటున్న ఆ అన్నం ఏ వెడల్పు భుజాలు సంపాదించాయో ఒక్క కుర్రాడూ అడిగినట్టు లేదు.

నవ్వేసి వూరుకుందామంటే అన్నీ నవ్వుకునేవి కావు. పెళ్లిని గురించి 1522లో ఆయన ఒక పుస్తకం రాశాడు. అప్పటికి ఇంకా బ్రహ్మచారి. అందులో ఒకచోట, తండ్రి బిడ్డ పక్కగుడ్డలు వుతికితే లోకం నవ్వుతుందేమోగాని దేవుడు సంతోషిస్తాడంటాడు. ఆ మాటకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఈ రోజుకీ మన ఇళ్లల్లో ఎంతమంది తండ్రులు ఆ గుడ్డలు ముట్టుకుంటున్నారు? అదే పుస్తకంలో ఇంకోచోట, ఆడవాళ్లు కని కని అలిసిపోయి చచ్చిపోయినా పర్వాలేదు, అందుకే వాళ్లున్నారు అనే అర్థం వచ్చేలా రాస్తాడు. రెండూ ఒకే చెయ్యి రాసింది. మొదటి మాటకి పెట్టిన దణ్ణం రెండో మాట దగ్గరికొచ్చేసరికి సగంలో ఆగిపోతుంది.

ఆయన పెళ్లి జరిగిన రోజులు కూడా మంచివి కావు. జర్మనీలో రైతులు పన్నులూ వెట్టిచాకిరీ భరించలేక తిరగబడ్డారు. క్రైస్తవుడు స్వతంత్రుడని లూథర్ రాసిన మాటలు వాళ్లకి ఆశ పెట్టాయి. మొదట్లో దొరలదే తప్పని ఆయనా అన్నాడు. తీరా హింస చెలరేగేసరికి 1525 మేలో, రైతుల్ని పిచ్చికుక్కని చంపినట్టు ఎవరికి వీలైతే వాళ్లు పొడిచి చంపమని దొరలకి రాశాడు. దొరలకి చెప్పాలా! ఆ తిరుగుబాటులో లక్షమంది దాకా చచ్చిపోయారని అంచనా. ఇదేమిటని స్నేహితులే నివ్వెరపోతే, తన మాట సరైనదేనని మరో పుస్తకం రాశాడు. రైతుల శవాలు ఆరకముందే పెళ్లి బాజాలు మోగాయి.

ఇంకొక సంగతి మన ఆడవాళ్లకి బాగా అర్థమవుతుంది. హెస్ ప్రభువు ఫిలిప్ ఈయన మతానికి పెద్ద అండ. ఇంట్లో పెళ్లాం క్రిస్టినా పిల్లల తల్లి. ఆయనగారి మనసు పదిహేడేళ్ల పిల్ల మీద పడింది. పెళ్లిని ధర్మమని చెప్పిన లూథర్‌నే సలహా అడిగాడు. విడాకులు కూడదు గాని, గుట్టుగా రెండోది చేసుకోవచ్చునని లూథర్ ఒప్పుకున్నాడు! 1540 మార్చిలో ఆ పెళ్లి జరిగింది. గుట్టు రట్టయ్యాక, గట్టిగా అబద్ధమాడెయ్యమని సలహా చెప్పాడు. చక్రవర్తికి తలవంచని మనిషి చిన్నిల్లు దగ్గర ఇలా జారిపోయాడు. అండగా నిలిచే ప్రభువు చేజారతాడేమోనన్న భయం కాక మరేమిటి? ఆ క్రిస్టినా ఏమనుకుందో ఏ కుర్రాడూ రాసుకోలేదు.

అన్నిటికన్నా ఘోరమైంది చివర్లో వుంది. 1542 సెప్టెంబరులో ఆయన కూతురు మగ్దలేనా పదమూడేళ్లకే జబ్బుచేసి తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఆయన కుళ్లికుళ్లి ఏడ్చాడు. బిడ్డని పోగొట్టుకున్న మనిషికి ఎదుటివాళ్ల బిడ్డలు గుర్తుకు రావాలి కదా! నాలుగైదు నెలలు తిరగకుండా, 1543లో, యూదుల మీద ఆయన ఒక పుస్తకం అచ్చు వేయించాడు. వాళ్ల ప్రార్థనామందిరాలు తగలబెట్టండి, ఇళ్లు కూలదొయ్యండి, పుస్తకాలు లాక్కోండి, గురువుల నోళ్లు మూయించండి, డబ్బు గుంజుకోండి, కాయకష్టం చేయించండి అని వరసగా లెక్కపెట్టి చెప్పాడు. ఏదో కోపంలో నోరు జారడం కాదు. కూర్చుని, కలం ముంచి, అంకెలు వేసి రాసింది.

“ఆ కాలం అలాంటిదండీ” అని మనవాళ్లు సర్దేస్తారు. ఈ మాటంటే నాకు మంట. ఎందుకంటే 1523లో ఇదే లూథర్, యేసు పుట్టుకతో యూదుడే, వాళ్లని మనుషుల్లా ఆదరించండి అని రాశాడు. ఆ కాలమూ అదే, ఆ కలమూ అదే. ఆదరిస్తే తన మతంలోకి వస్తారనుకున్నాడు, వాళ్లు రాలేదు. పిలిచినా విందుకి రానివాళ్ల మీద వచ్చే కోపం ఎంత దూరం పోతుందో చూడండి! 1537లో యూదుల పెద్ద యోసెల్, తమని వెళ్లగొట్టిన ప్రభువుకి ఒక మాట చెప్పమని వేడుకుంటే, చెప్పనన్నాడు. ఈ పుస్తకం వచ్చాక యోసెల్ మొరపెట్టుకుంటే స్ట్రాస్‌బర్గ్ నగరం వాళ్లు తమ వూళ్లో దాన్ని ఆపించారు. జూరిక్‌లో సంస్కర్తలే చీదరించుకున్నారు. అంటే ఆ కాలంలో కూడా ఇది తప్పని తెలిసినవాళ్లు వున్నారన్నమాట.

కాలు జారితే తీసుకోగలంగాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు వూరికే అనలేదు. నాలుగువందల ఏళ్లు ఆ మాటలు పుస్తకంలో నిద్రపోయాయి. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు జర్మనీ అంతటా యూదుల మందిరాలు తగలబెట్టారు. మర్నాడు పదోతేదీ లూథర్ పుట్టినరోజు. ఎంత శుభదినాన మందిరాలు మండుతున్నాయని ఒక బిషప్పే మురిసిపోయి పుస్తకం వేశాడు. యుద్ధం అయ్యాక 1946లో, నూరెంబర్గ్ విచారణలో ష్ట్రైకర్ అనే నాజీ, లూథర్ బతికివుంటే ఆయనా నా పక్కన ముద్దాయిగా నిలబడేవాడని వాదించాడు. హంతకుడి సాకుని మనం తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కాని ఆ సాకు వాడికి దొరికేలా రాసిపెట్టింది ఎవరు?

నా కాలేజీ స్నేహితురాలొకతె గుంటూరులో టీచరు. లూథరన్లు. మన తెలుగుదేశానికి లూథర్ పేరు వచ్చిందే గుంటూరు మీదుగా. 1842లో హెయర్ అనే పాస్టరుగారు అమెరికానించి వచ్చి అక్కడ మకాం పెట్టారు. ఈ మధ్య ఫోనులో నా స్నేహితురాలి గొంతు ఎందుకో బరువుగా వినిపించింది.

“ఏమిటే అలా వున్నావు?” అన్నాను.

“మా పిల్ల ఇంటర్నెట్‌లో ఆ పుస్తకం సంగతి చదివిందే. ‘అమ్మా, ఈయన బొమ్మ మన హాల్లో ఎందుకుంది?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మా తాతగారు తగిలించిన బొమ్మ. తీసెయ్యమంటావా?”

ఏం చెప్పను? నా ఇంట్లో గోడకి లేని బొమ్మ తీసెయ్యమనడం తేలిక. “నీ పిల్ల అడిగినదానికి జవాబు చెప్పకుండా వుంచినా తప్పే, జవాబు చెప్పకుండా తీసినా తప్పే” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత, “చదవడం నేర్పిందీ మా తాతకి వీళ్లేనే. నాలుగు అక్షరాలు వచ్చాకే ఆయన వెట్టిమాని బళ్లో పంతులయ్యాడు. అదీ చెప్పాలిగా” అంది.

“అదీ చెప్పు, ఇదీ చెప్పు. ఒకటి చెప్పి రెండోది కొట్టెయ్యకు.”

వారం పోయాక మళ్లీ చేసింది. బొమ్మ వుంచిందిట. తల్లీకూతుళ్లు కూర్చుని అంతా చదివారట. 1994లో అమెరికాలోని లూథరన్ చర్చివాళ్లు ఆ రాతల్ని తాము తిరస్కరిస్తున్నామని బహిరంగంగా ప్రకటించిన సంగతి కూడా పిల్లే వెతికి చూపించిందట. “సిగ్గుపడాల్సింది సిగ్గుపడ్డారు, మేమూ పడతాం” అంది. ఆ మాట నాకు నచ్చింది. పూజించడం తేలిక, పారెయ్యడం ఇంకా తేలిక. కళ్లు తెరుచుకుని చూస్తూ ఇంట్లో వుంచుకోవడమే కష్టం. కన్నతండ్రి విషయంలో మనం చేసేదీ అదేగా!

ఆడవాళ్లు ఇంట్లో కూర్చోవడానికే పుట్టారన్నాడు కదా, దానికి సమాధానం గుంటూరులోనే వుంది. 1883లో ఆ చర్చి మనిషే, అన్నా కుగ్లర్ అనే పెళ్లికాని డాక్టరమ్మ, సముద్రాలు దాటి వచ్చి మన ఆడవాళ్లకి వైద్యం మొదలుపెట్టింది. ఆస్పత్రి కట్టింది. 1930లో కన్నుమూసేదాకా ఈ నేలనే నమ్ముకుంది. ‘కని కని చచ్చినా పర్వాలేద’న్న మనిషి పేరు పెట్టుకున్న చర్చినించి వచ్చిన ఆడ డాక్టరే, కాన్పుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్లని బతికించింది. గురువు నోటిమాటని శిష్యురాలు చేతలతో కొట్టిపారేసింది. దీనికన్నా పెద్ద సంస్కరణ ఏముంటుంది!

కేటీ దొరగారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆడదానికి తెలివి తక్కువన్న ఆ మొగుడే 1542లో వీలునామా రాస్తూ, ఇల్లూ పొలమూ సమస్తం నా భార్యదేనని రాశాడు. పిల్లలకి సంరక్షకుడెవరూ అక్కర్లేదు, తల్లి చాలునన్నాడు. మాటల్లో దొర్లింది ఒకటి, మనసులో వున్నది ఇంకొకటి అన్నమాట. కాని లాయర్లంటే పడక, ఆ వీలునామా చట్టప్రకారం రాయలేదు. ఆయన పోగానే అధికారులు దాన్ని పట్టించుకోలేదు. ఆడదానికి ఆస్తి ఏమిటన్నారు, సంరక్షకుల్ని పెట్టాలన్నారు. మరి ఆడవాళ్లు ఇంట్లో కూర్చోవాలని పదిమందికీ నూరిపోసింది ఎవరు? ఆయన పోసిన నూనె ఆయన పెళ్లాం కాలికిందికే వచ్చింది. యుద్ధం వచ్చి పొలాలు పాడయ్యాయి. రెండుసార్లు ఇల్లు వదిలి పారిపోయింది. 1552లో విటెన్‌బర్గ్‌లో మహమ్మారి తగిలితే పిల్లల్ని తీసుకుని టోర్గౌకి బయల్దేరింది. దారిలో గుర్రాలు బెదిరి బండి అదుపు తప్పింది. కిందపడి చన్నీళ్ల గుంటలో దెబ్బతిని, మూడు నెలలు మంచంలో వుండి, డిసెంబరు 20న పోయింది. బండిలో మొదలైన జీవితం బండి దగ్గరే ఆగిపోయింది.

ఆయన ఆమెకి రాసిన వుత్తరాలు ఇరవైఒకటి ఇప్పటికీ వున్నాయి. ఆమె ఆయనకి రాసినవి ఒక్కటీ మిగల్లేదు. ఆయన నోట్లోంచి రాలిన ప్రతి మెతుకూ ఏరుకున్న ఆ కుర్రాళ్లు, వడ్డించే ఆవిడ మాటల్ని ఎక్కడో ఒకటి అరా తప్ప రాసుకోలేదు. రాసివుంటే ఆ మొగుడిగారి అసలు తూకం మనకి తెలిసేది. తూకం వెయ్యడం ఆవిడకి బాగా తెలుసు. బీరు అమ్మిన మనిషి!